ప్రసూతి డాక్టర్లకు, కార్డ్ బ్లడ్ బ్యాంకులకు: తల్లిని ఆ రెండో ప్రశ్న కూడా అడగండి

కాన్పులు చేసే డాక్టర్లకు, నర్సులకు, ప్రసూతి ఆసుపత్రులు నడిపేవాళ్లకు, పబ్లిక్ కార్డ్ బ్లడ్ బ్యాంకుల నిర్వాహకులకు నమస్కారం.

నేరుగా విషయంలోకి వస్తాను. బిడ్డ పుట్టి బొడ్డుతాడు కోసేశాక ఆ తాడులోనూ మాయలోనూ కొంత రక్తం మిగిలిపోతుంది కదా, కార్డ్ బ్లడ్ అంటే అదే, అది ఇప్పటికీ ఎక్కువ కాన్పుల్లో ఆసుపత్రి వ్యర్థాలతో కలిసి కాల్చేసే చోటికే పోతోంది. అందులో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, అదే అందరూ స్టెమ్ సెల్స్ అంటున్నవి, ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. నా బాధ ఏంటంటే, ఆ రక్తాన్ని ఏం చెయ్యాలో చెప్పే హక్కున్న తల్లిని చాలాచోట్ల ఎవరూ అడగడం లేదు. అడిగే కొద్ది చోట్ల కూడా సగమే అడుగుతున్నారు. "వేరే రోగికి ఎక్కించడానికి ఇస్తారా" అన్నది మొదటి ప్రశ్న. "అందుకు సరిపోకపోతే పరిశోధనకు ఇవ్వమంటారా" అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న చాలాసార్లు పత్రంలో అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని కోసమే.

దీనికింత పట్టుదల ఎందుకో చెప్తాను. 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ ఎలియన్ గ్లుక్‌మన్ బృందం ఒక అయిదేళ్ల అమెరికా బాబుకి, కొన్ని నెలల ముందు పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించింది. ఆ బాబుకి ఫాంకోనీ ఎనీమియా. పుట్టుకతో వచ్చే జబ్బు, ఎముక మజ్జ క్రమంగా రక్తం తయారుచెయ్యడం మానేస్తుంది. బాబు బతికాడు, పెద్దవాడయ్యాడు. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. ఆ చెల్లెలి రక్తాన్ని ఫ్రీజ్ చేసి దాచింది ఇండియానా యూనివర్సిటీలో హాల్ బ్రాక్స్‌మేయర్ ల్యాబు. ఒక కాన్పులో దొరికే రక్తం ఒక మనిషి మజ్జని మళ్లీ నిలబెట్టడానికి సరిపోతుందా, సేకరించాక ఎంతసేపు పాడవకుండా ఉంటుంది, ఫ్రీజ్ చేసి కరిగిస్తే కణాలు బతుకుతాయా, ఇవన్నీ వాళ్లు ముందుగా వేరే వేరే కాన్పుల నుంచి వచ్చిన రక్తం మీద తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ పని 1989లో అచ్చయింది. అంటే, ఒక బిడ్డ బతకడానికి ముందు ఎందరో తల్లుల బొడ్డుతాడు రక్తం ల్యాబులో లెక్కలకీ పరీక్షలకీ ఖర్చయింది. ఆ రక్తం ఏ రోగికీ ఎక్కలేదు. అయినా అది లేకపోతే పారిస్‌లో జరిగింది జరిగేది కాదు. కార్డ్ బ్లడ్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సగం కథని మనం వదిలేస్తున్నాం అనిపిస్తుంది నాకు.

ఆ తర్వాత 1992లో న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రూబిన్‌స్టీన్ మొదటి పబ్లిక్ బ్యాంకు, అంటే దానంగా వచ్చిన రక్తాన్ని అవసరమైన ఏ రోగికైనా ఇచ్చేలా దాచే బ్యాంకు, మొదలుపెట్టారు. మరుసటి ఏడే డ్యూక్ యూనివర్సిటీలో జోవాన్ కర్ట్‌జ్‌బర్గ్ ఏ బంధుత్వమూ లేని దాత రక్తాన్ని ఒక బిడ్డకి ఎక్కించారు. ఇప్పటికి ప్రపంచం మొత్తమ్మీద కార్డ్ బ్లడ్ మార్పిడులు 40 వేలు దాటాయి. ఎవరో తల్లి ఎవరో బిడ్డ కోసం పేరు కూడా చెప్పకుండా ఇచ్చిన రక్తంతోనే వాటిలో ఎక్కువ భాగం జరిగాయి. పబ్లిక్ బ్యాంకు అన్న ఆలోచన మీద నాకు అంత గౌరవం ఉండడానికి కారణం అదే.

బంధుత్వం లేని పెద్దవాళ్ల ఎముక మజ్జ తీసుకుంటే హెచ్‌ఎల్‌ఏ రకాలు (తనదేదో పరాయిదేదో శరీరం పోల్చుకునే, కణాల మీది గుర్తులు) మామూలుగా దాదాపు పూర్తిగా కలవాలి. బొడ్డుతాడు రక్తంలోని రోగనిరోధక కణాలు ఇంకా లేతవి కాబట్టి ఆరింటిలో నాలుగు కలిసినా ఎక్కించొచ్చు. ఇది ఎవరికి ఎక్కువ అవసరమో 2014లో అమెరికా దాతల రిజిస్ట్రీ లెక్కలతో వచ్చిన ఒక అధ్యయనం స్పష్టంగా చూపించింది. యూరప్ మూలాలున్న తెల్లవాళ్లలో నూటికి 75 మందికి చక్కగా సరిపోయే పెద్దల దాత దొరుకుతుంటే, దక్షిణ, మధ్య అమెరికా మూలాలున్న నల్లజాతివాళ్లలో నూటికి 16 మందికే దొరుకుతున్నారు. మిగతావాళ్లలో చాలామందికి అప్పట్లో ఆశ అంటూ ఉంటే, ఒకటి రెండు తేడాలున్నా పర్వాలేదనుకునే కార్డ్ బ్లడ్ యూనిట్‌లోనే (ఒక కాన్పులో సేకరించిన రక్తాన్ని ఒక యూనిట్ అంటారు) ఉండేది. దాతల పట్టికల్లో తక్కువగా కనిపించే జాతులకీ, మిశ్రమ మూలాల కుటుంబాలకీ ఇది ప్రాణం మీది మాట.

ఇంత మంచి వస్తువుకి ఒక పెద్ద లోపం ఉంది, అది పరిమాణం. ఒక కాన్పులో వచ్చేది మహా అయితే నూరు మిల్లీలీటర్లు, అటూ ఇటూ. ఎక్కించాలంటే రోగి బరువులో కిలోకి కనీసం రెండున్నర కోట్ల కణాలు కావాలని డాక్టర్లు సాధారణంగా చూసుకుంటారు. ఇరవై కిలోల పిల్లాడికి యాభై కోట్లు చాలు. డెబ్భై కిలోల మనిషికి 175 కోట్లు కావాలి, చాలా యూనిట్లలో అన్ని ఉండవు. అందుకే బ్యాంకులు కణాల సంఖ్యకి ఒక గీత గీసుకుని, ఆ గీత దాటిన యూనిట్లనే ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తాయి. డాక్టర్లు పెద్ద యూనిట్లనే కోరుతున్నారు కాబట్టి ఆ గీత కూడా ఏళ్లు గడిచేకొద్దీ పైకి జరిగింది. ఇందులో బ్యాంకుల తప్పేమీ లేదు, ఎవరూ వాడని యూనిట్‌ని దశాబ్దాల పాటు దాచడం ఎవరివల్లా కాదు. కానీ దాని ఫలితం ఏమిటో చూడండి. తల్లి ఇష్టపడి ఇచ్చి, నర్సు శ్రమపడి సేకరించి, ఎవరో పరుగుపరుగున ల్యాబుకి చేర్చిన రక్తంలో ఎక్కువ భాగం ఆ గీత కిందే ఆగిపోతోంది. పరిశోధనకు తల్లి అనుమతి ముందే తీసుకుని ఉంటే అది ఒక ల్యాబుకి వెళ్తుంది. తీసుకోకపోతే పారబోయడమే. కాన్పయి ఇంటికెళ్లిపోయిన ఆమెని వెతికి పట్టుకుని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

చిన్న యూనిట్‌తో ఏం చేస్తారు అని మీలో ఎవరైనా అనుకుంటే, ఈమధ్య జరిగిన పనులే చెప్తాను. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో కేటీ రెజ్వానీ బృందం బొడ్డుతాడు రక్తంలోని ఎన్‌కే కణాలని (చెడ్డ కణాలని చంపే ఒక రకం తెల్లకణాలు) తీసుకుని, క్యాన్సర్ కణాలని గుర్తుపట్టేలా వాటి జన్యువుల్ని మార్చి, లింఫోమా, దీర్ఘకాలిక లుకేమియా అనే రక్త క్యాన్సర్లు ఉన్న 11 మందికి ఇచ్చింది. 2020లో ఫలితాలు ప్రకటించారు, 8 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. పదకొండు మంది చాలా తక్కువ సంఖ్యే, నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ దారి తెరుచుకుంది దానం వచ్చిన రక్తంతోనే. ఇంకొకటి నేను పైన చెప్పిన పరిమాణం సమస్యకే మందు: ఒక యూనిట్‌లోని స్టెమ్ సెల్స్‌ని విటమిన్ బి3 రకానికి చెందిన నికోటినమైడ్‌తో ల్యాబులో పెంచి ఎక్కించడం. మామూలు కార్డ్ బ్లడ్ ఎక్కించినవాళ్లలో తెల్లకణాలు కోలుకోవడానికి మధ్యస్థంగా 22 రోజులు పడితే, ఇలా పెంచినది ఎక్కించినవాళ్లలో 12 రోజులే పట్టింది. ఇన్ఫెక్షన్ భయంతో గాజు తలుపుల వెనక కూర్చునే రోగికి ఆ పది రోజుల తేడా ఎంతటిదో మీ ఆసుపత్రుల్లో క్యాన్సర్ వార్డు నర్సులని అడిగితే చెప్తారు. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి కూడా ఇచ్చింది. జపాన్‌లో షిన్యా యమనకా నడిపిన క్యోటో సంస్థ, ఎక్కువమందికి సరిపోయే ఐపీఎస్ కణాల (మామూలు కణాలని మార్చి, ఏ రకం కణంగానైనా మారేలా చేసినవి) నిల్వ తయారుచేసేటప్పుడు బొడ్డుతాడు రక్తాన్ని కూడా వాడుకుంది. హెచ్‌ఐవీ మందుల పరిశోధనలో వాడే, మనిషి రోగనిరోధక వ్యవస్థ ఉన్న ఎలుకలని కూడా చాలాసార్లు ఈ రక్తంలోని స్టెమ్ సెల్స్‌తోనే తయారుచేస్తారు. వీటిలో చాలా పనులకి 175 కోట్ల కణాలు అక్కర్లేదు. రక్తం తాజాగా ఉండడం, దాని వివరాలు సరిగ్గా రాసి ఉండడం, అనుమతి ఉండడం, ఇవి కావాలి.

అనుమతి మాట వచ్చింది కాబట్టి నా అసలు కోపం ఎక్కడుందో చెప్తాను. మా ఇంట్లో కాన్పు దగ్గర పడ్డప్పుడు డబ్బు తీసుకుని ఆ ఇంటివాళ్ల కోసమే రక్తం దాచే ఒక ప్రైవేటు బ్యాంకు తాలూకు మనిషి మెరిసే బ్రోచర్లు పట్టుకుని వచ్చాడు. బిడ్డకి జీవితాంతం బీమా అన్నాడు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కుదరదన్నాడు. అసలే టెన్షన్‌లో ఉన్న ఇంటివాళ్ల దగ్గర అలా మాట్లాడితే ఎవరికైనా భయం వేస్తుంది. నాకు కోపం తెప్పించింది మాత్రం అతను కాదు. అతని పని అతను చేశాడు. ఆ ఆసుపత్రిలో అన్ని నెలలు చూపించుకుంటే దానం అనే ఇంకో దారి ఉందని ఒక్క డాక్టరూ, ఒక్క నర్సూ చెప్పలేదు. గోడ మీద ఒక కాగితం కూడా లేదు. అమ్మేవాడికి లోపలికి దారి దొరికింది, దానం గురించి చెప్పేవాళ్లు లేకపోయారు.

ప్రైవేటుగా దాచుకోవడం గురించి మీ వైద్య సంఘాలే ఏం చెప్పాయో మీరు తల్లిదండ్రులకు చెప్పాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో పబ్లిక్ బ్యాంకుకి ఇవ్వడమే మంచిదని చెప్పింది. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 2019లో, బీమాలా దాచుకోవడాన్ని అందరికీ మామూలుగా సిఫారసు చెయ్యలేమంది. కారణం తేలిక. పుట్టుకతో వచ్చే రక్తజబ్బు తలసీమియా ఉన్న బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ అదే జన్యులోపం ఉంటుంది. పిల్లల్లో వచ్చే కొన్ని లుకేమియాలకి మూలమైన మార్పులు పుట్టక ముందే మొదలవుతాయి, అవి ఆ దాచిన రక్తంలోనే ఉండొచ్చు. ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బున్న తోబుట్టువు ఉంటే మాటే వేరు, అప్పుడు ఆ బిడ్డ కోసం దాచడం సరైన పని, దానికి డాక్టరే చొరవ తీసుకోవాలి. ఆటిజం పేరు చెప్పి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. డ్యూక్‌లో 180 మంది పిల్లల మీద సరైన పద్ధతిలో ప్రయోగం చేసి చూస్తే, ఏ మార్పు వస్తుందని ముందుగా అనుకున్నారో ఆ ప్రధాన ఫలితం రాలేదని 2020లో ప్రకటించారు. ఇదీ పరిశోధన చేసే మేలే, పని చెయ్యనిదాన్ని పని చెయ్యదని తేల్చి చెప్పడం. ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులకి కష్టంగా ఉంటుంది, కానీ లేని ఆశ కోసం అప్పు చెయ్యకుండా ఆపుతుంది.

ఇక బిడ్డ సంగతి. బొడ్డుతాడు వెంటనే కోయకూడదని, కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ నిమిషంలో బిడ్డకి వెళ్లే రక్తం బిడ్డకి ఇనుము, నెల తక్కువ పిల్లలకైతే ప్రాణం. ఆగితే బ్యాగులోకి వచ్చే రక్తం తగ్గుతుంది, ఇది నిజం. కొన్నిచోట్ల సేకరించే సంఖ్య పెంచుకోవడానికి తొందరగా క్లిప్ వేసెయ్యాలన్న ఆలోచన రావచ్చు. దయచేసి రానివ్వకండి. బిడ్డకి చెందాల్సింది చెందాక మిగిలిందే దానం. నా వాదనకి ఇక్కడే ఇంకా బలం ఉంది అనుకుంటాను. బిడ్డ కోసం ఆగినందువల్ల యూనిట్ చిన్నదై మార్పిడి గీత దాటకపోతే, పరిశోధన అనే దారి తెరిచి ఉంచడం వల్ల ఆ తల్లి ఇచ్చింది వృథా కాదు, బిడ్డకీ నష్టం ఉండదు. ఈ రెండింటి మధ్య గొడవ తగ్గించేది ఆ రెండో ప్రశ్నే.

కానీ ఎలా అడుగుతారన్నది ముఖ్యం. నొప్పులు పడుతున్న మనిషి చేత సంతకం పెట్టించుకుంటే అది అనుమతి కిందికి రాదు. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి, ఆమె చదివే భాషలో కాగితం ఇవ్వాలి, ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోమనాలి. మార్పిడికి ఒక గడి, పరిశోధనకు ఇంకో గడి, ఒకదానికి ఒప్పుకుని ఇంకోదానికి వద్దనే స్వేచ్ఛ ఉండాలి. దాచిపెట్టకుండా చెప్పాల్సినవి ఉన్నాయి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివాటికి ఆమె రక్తం పరీక్షిస్తారని, ఏదైనా తేలితే ఆమెకి చెప్తారని. ఆ కణాల్లో బిడ్డ జన్యువుల సమాచారం ఉంటుందని, పేరు తీసేసి కోడ్ పెట్టినా దాన్ని ఎవరు ఎలా కాపాడతారని. ఆ పరిశోధన నుంచి రేపు ఒక కంపెనీ డబ్బు సంపాదించొచ్చని, ఆమెకి అందులో వాటా ఉండదని. మనసు మార్చుకుంటే ఎప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చో, ఏ దశ దాటాక కుదరదో. ఇవన్నీ చెప్తే భయపడి ఎవరూ ఇవ్వరని కొందరు అంటారు. నేను నమ్మను. దాచి తీసుకుంటే ఏమవుతుందో మనకి తెలుసు. 1951లో జాన్స్ హాప్కిన్స్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితి నుంచి ఆమెకి చెప్పకుండా తీసుకున్న కణాలు ప్రపంచమంతా ల్యాబుల్లో పెరిగాయి, ఎన్నో మందులకి ఆధారమయ్యాయి, కుటుంబానికి మాత్రం ఇరవై ఏళ్లు దాటాకే తెలిసింది. వాటితో లాభపడ్డ ఒక పెద్ద కంపెనీతో ఆ కుటుంబానికి రాజీ కుదిరింది 2023లో. ఒక్క మాట అడిగి ఉంటే అంత గాయం ఉండేది కాదు. దానం మీద జనానికి నమ్మకం ఒకసారి పోతే బ్యాంకులో ఎన్ని ఫ్రీజర్లున్నా ఏం లాభం.

బ్యాంకులవాళ్లకి విడిగా ఒక మాట. మీ కష్టం నాకు అర్థమవుతుంది. సగమే సరిపోయే తల్లిదండ్రుల నుంచో, తోబుట్టువుల నుంచో మజ్జ తీసుకుని ఎక్కించే పద్ధతి మెరుగయ్యాక కార్డ్ బ్లడ్ అడిగేవాళ్లు తగ్గారు, ఒక్కో యూనిట్‌కి పెట్టిన ఖర్చు తిరిగి రావడం కష్టమైంది, కాన్పులు ఎక్కువగా జరిగే కొద్ది ఆసుపత్రులకే సేకరణ కుదించుకున్నారు. దానివల్ల దాతలు అవసరమైన జాతుల తల్లులు కాన్పయ్యే ఆసుపత్రులు జాబితాలో లేకుండా పోతున్నాయి, ఇస్తానని వాళ్లంతట వాళ్లే అడిగిన ఆడవాళ్లని కూడా మా ఆసుపత్రికి ఆ ఏర్పాటు లేదని పంపించేస్తున్నారు. ఇది సరిచెయ్యండి, అన్నిచోట్లా ఒకేసారి కుదరకపోతే వాళ్లుండే చోట నుంచి మొదలుపెట్టండి. పరిశోధనకు యూనిట్లు ఇచ్చేటప్పుడు ల్యాబుల దగ్గర సేకరణ ఖర్చు తీసుకోవడంలో నాకు తప్పు కనపడదు, ఆ లెక్క బయటపెడితే చాలు. ఏటా ఎన్ని యూనిట్లు సేకరించారు, ఎన్ని దాచారు, ఎన్ని రోగులకి వెళ్లాయి, ఎన్ని పరిశోధనకి, ఏ రకం పరిశోధనకి, ఎన్ని పారబోశారు, ఇవన్నీ మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక్క పేజీలో ప్రకటించండి. పారబోసిన సంఖ్య పెద్దదిగా ఉంటుందని సిగ్గుపడకండి. ఆ సంఖ్య కనిపిస్తేనే అది తగ్గించాలని పై అధికారులని అడగడానికి మాకు వీలవుతుంది.

డాక్టర్లూ, మీకు ఒక్కో కాన్పులో ఎంత ఒత్తిడి ఉంటుందో చూసినవాణ్ణి. రక్తం కారుతున్న తల్లిని వదిలి బ్యాగు పట్టుకోమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అలాంటప్పుడు సేకరణ వదిలెయ్యాల్సిందే. నేను అడిగేది కాన్పు గదికి బయట, చాలా ముందుగా జరగాల్సిన పని, దానికి ఒక నర్సుకో కౌన్సిలర్‌కో శిక్షణ ఇచ్చి, ఆ సమయం వాళ్ల డ్యూటీలో భాగంగా లెక్కకడితే సరిపోతుంది. దగ్గర్లో సేకరించే బ్యాంకు లేకపోతే లేదని నిజమే చెప్పండి. పరిశోధనకి తీసుకునే ల్యాబు ఏదైనా అందుబాటులో ఉంటే, ఆ పరిశోధనకి నైతిక కమిటీ అనుమతి ఉందో లేదో చూసుకుని ఆ దారి చూపించండి. ప్రైవేటు బ్యాంకు నుంచి ఆసుపత్రికి గానీ డాక్టరుకి గానీ ఏదైనా ముడుతుంటే, అది తల్లికి ముందే చెప్పండి.

ఆ రెండు గడుల పత్రం మీలో ఎవరైనా తయారుచేస్తే, గర్భిణులకి ఇచ్చే ముందు చిత్తుప్రతి బయట పెట్టండి. ఎక్కడ అర్థం కావడం లేదో, ఎక్కడ భయపెట్టేలా ఉందో, ఎక్కడ ఏదో దాస్తున్నట్టుందో చదివి చెప్పడానికి కాన్పు అనుభవం ఉన్న ఆడవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు చాలామంది ముందుకొస్తారు. నేనూ చదువుతాను.